మానిక అంచున అరిగిన చోటు: ఇంటి వస్తువుల నుంచి కవిత రాసే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు కవిత్వం రాయాలని ఉత్సాహపడే పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు, రాయడానికి తమకు విషయం దొరకడం లేదని తరచూ చెబుతుంటారు. మహేంద్రగిరి మీద రాశారు, మహేంద్రతనయ నది మీద రాశారు, వెన్నెల మీద, అమ్మ మీద, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన ఊళ్ళు సరిహద్దుకు ఇవతల ఉండిపోవడం మీద కూడా రాశారు. ఇక మిగిలిందేమీ లేదని వాళ్ళకు అనిపిస్తోంది. ఆ మాట చెప్పే సమయానికి వాళ్ళ చేతిలో ఒక తాళంచెవో, చినిగిన చేతిసంచో, పళ్ళు విరిగిన దువ్వెనో ఉంటుంది. విషయం చేతిలోనే ఉందని నేను అంటే నమ్మరు. అందువల్ల, కొన్నేళ్ళుగా నేను పాటిస్తున్న పద్ధతిని, అందులో నాకు ఎదురైన పొరపాట్లతో సహా, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట వస్తువును ఎంచుకోవాలి. దీపం, వేణువు, అద్దం, గాలిపటం వంటివి ఇప్పటికే కవిత్వంలో బాగా నలిగినవి కాబట్టి, వాటిని పట్టుకోగానే మన కలం నుంచి ఎవరో రాసేసిన వాక్యాలే దొర్లుతాయి. తిరగలి, రోలు, కవ్వం కూడా ఇప్పుడు ఆ వరుసలోకే చేరాయి. వాటిని తలచుకోగానే పాతకాలం పోయిందన్న బెంగ వచ్చి కూర్చుంటుంది తప్ప, ఆ రాయి ఎంత బరువుందో, ఆ పిడి ఎటువైపు వంగిందో కంటికి కనపడదు. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు ఈ రోజుకూ పనిలో ఉన్న వస్తువును, ఎవరూ ముద్దుచేయని వస్తువును తీసుకోవడం మంచిది. గ్యాస్ లైటరు, బట్టల క్లిప్పు, బకెట్టు, ఫోను చార్జరు తీగ, తలుపు గొళ్ళెం, సంతకు పట్టుకెళ్ళే ప్లాస్టిక్ సంచి వంటివి. నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. రోజూ ముట్టుకుంటూ కూడా, దాని అడుగుభాగం ఎలా ఉంటుందో మీరు చెప్పలేకపోతే, ఆ వస్తువు మీకు పనికివస్తుంది.

ఎంచుకున్న తర్వాత వెంటనే దాని ముందు కూర్చోవద్దు. వేరే గదిలోకి వెళ్ళి, చూడకుండా, జ్ఞాపకం మీద ఒక పేజీ రాయండి. రంగు, బరువు, మచ్చలు, చప్పుడు, అది ఇంట్లోకి ఎప్పుడు వచ్చింది, ఎవరు ఎక్కువగా వాడతారు, అన్నీ రాయండి. ఆ తర్వాత కాగితం తీసుకుని వస్తువు దగ్గరికి వెళ్ళి, రాసినదానితో పోల్చి చూడండి. ఎక్కడ మీ జ్ఞాపకం తప్పిందో అక్కడ గీత గీయండి, ఎందుకంటే కవిత దాదాపు ఎప్పుడూ ఆ గీత దగ్గరే మొదలవుతుంది. ఒక అమ్మాయి తమ వీధి తలుపు గొళ్ళెం గురించి ఇలాగే రాసింది. తుప్పు, చల్లదనం, రాత్రిపూట నాన్న దాన్ని వేసే చప్పుడు, అన్నీ ఉన్నాయి. వెళ్ళి చూస్తే, గొళ్ళెం వేలాడుతూ అటూఇటూ ఊగినంత మేర, తలుపు చెక్క మీద విల్లు ఆకారంలో ఒక గీత పడి ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ తలుపులోంచే తిరుగుతున్నా, ఆ గీతను ఆమె అంతవరకు చూడలేదు. ఎన్ని వేలసార్లు తలుపు తెరిస్తే ఆ గీత అంత లోతుగా పడి ఉంటుందో ఆలోచించడం మొదలుపెట్టిన తర్వాత, తుప్పు గురించి, చల్లదనం గురించి రాసిన వాక్యాలను ఆమే కొట్టేసింది.

ఈ పద్ధతి మొత్తంలో నేను అన్నింటికన్నా ఎక్కువగా నమ్మేది అరుగుదలను. వస్తువు కొత్తగా ఉన్నప్పుడు దాని ఆకారం దాన్ని తయారుచేసినవారిది. అరిగిన తర్వాత ఆ ఆకారంలో కొంత భాగం వాడినవారిది అవుతుంది. చెప్పు మడమ ఒక పక్కే అరగడం, చీపురు ఒక వైపుకే వాలిపోవడం, అట్లకాడ చివర ఏటవాలుగా తయారుకావడం, మెట్టు మధ్యలో పల్లం పడడం, ఇవన్నీ ఒక మనిషి శరీరం ఎలా కదిలిందో రాసిపెట్టిన రాతలు. మన ఊరి కొమ్ము పనివారు పశువుల కొమ్మును వేడిచేసి మెత్తబరచి, చదును చేసి దువ్వెనలు కోస్తారు. అటువంటి పాత దువ్వెన ఒకటి చేతికి దొరికితే, దాని మీద చెక్కిన పనితనాన్ని మెచ్చుకునే ముందు ఏ పళ్ళు విరిగాయో చూడండి. చిక్కు తీసేటప్పుడు బలం ఏ వైపు పడిందో విరిగిన పళ్ళే చెబుతాయి.

చూడడానికి ఒక్క రోజు చాలదు, కనీసం ఒక వారం కావాలి. ఉదయం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి, రెండేసి వాక్యాలు రాసుకుంటే సరిపోతుంది. ఈ వారంలో విశేషణాలను దూరంగా పెట్టి క్రియలను మాత్రమే పోగుచేయండి. గ్యాస్ లైటరు ఏం చేస్తుంది? వెలిగిస్తుంది అని రాస్తే అది అందరికీ తెలిసినదే. వానాకాలంలో చెమ్మకు అది మొరాయిస్తుంది, నాలుగైదుసార్లు నొక్కించుకుంటుంది, గట్టు మీద కొట్టించుకుంటుంది, మూతి మాడి నల్లబడుతుంది, కొక్కేనికి తగిలించబోతే జారి పప్పుడబ్బా వెనక పడుతుంది. ఈ క్రియల్లో ఒక వంటగది, ఒక మనిషి తొందర, ఒక ఋతువు వాటంతట అవే వచ్చేశాయి. చప్పుళ్ళ విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. గలగల, టకటక, గరగర అనేవి మన భాషకు గొప్ప ఆస్తే అయినా, చేతికి అందుబాటులో ఉండడం వల్ల వినకుండానే వాడేస్తాం. నీటి బిందెను అరుగు మీద దించినప్పుడు నిండుగా ఉంటే ఒక చప్పుడు, సగం ఉంటే మరో చప్పుడు వస్తాయి. ఆ తేడాను అక్షరాల్లో పెట్టడానికి ప్రయత్నించడమే ఒక మంచి సాధన.

తర్వాత చేయవలసింది, ఆ వస్తువుతో పనిచేసేవారిని అడిగి దాని భాగాల పేర్లు తెలుసుకోవడం. బరంపురంలో తెలుగు మాట్లాడే దేవాంగుల ఇళ్ళ ముందు నిలబడి, మగ్గం చప్పుడు మధురంగా ఉందని రాస్తే ఎవరికీ ఏమీ అందదు. లోపలికి వెళ్ళి, కూర్చుని, వినయంగా అడిగితే పడుగు, పేక, నాడె, కండె, అచ్చు అని ఒక్కొక్కటి ముట్టుకుని చెబుతారు. నాడె అంటే పేక దారాన్ని అటూఇటూ నడిపేది, కండె అంటే అందులో ఆ దారం చుట్టి ఉండేది. కండె మీద దారం ఎంత మిగిలిందో చూడకుండానే నాడె బరువును బట్టి నేతగాడి చేతికి తెలిసిపోతుందన్న సంగతి అటువంటి చోటే తెలుస్తుంది. పనిచేసేవారి నోటి మాటకు ఉన్న విలువ మన ఊరికి కొత్త కాదు. గిడుగు రామమూర్తిగారు ఉపాధ్యాయుడిగా పనిచేసింది పర్లాకిమిడిలోనే. కొండల మీది సవర గిరిజనుల దగ్గర కూర్చుని వారి మాటలను పోగుచేసి నిఘంటువు కూర్చినదీ, జనం మాట్లాడే తెలుగు రాతకు పనికివస్తుందని వాదించినదీ ఆయనే. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే మనం, ఆ రోజున కనీసం ఒక పనిముట్టు భాగాల పేర్లయినా కొత్తగా నేర్చుకుంటే బాగుంటుందని నా కోరిక.

సరిహద్దులో ఉన్నవారికి మరొక సదుపాయం ఉంది, దాన్ని వాడుకోకపోవడం పెద్ద నష్టం. మన ఇళ్ళలో ఒక్కో వస్తువుకు రెండేసి పేర్లు ఉంటాయి. చేటను పక్కింటి ఒడియా వారు “కులా” అంటారు, కత్తిపీటను “పనికి” అంటారు. నోట్‌బుక్కులో రెండు వరుసలు గీసి, ఒక వైపు తెలుగు పేరు, మరో వైపు ఒడియా పేరు రాసుకుని, రెండూ ఆ వస్తువులో ఏయే సంగతిని పట్టుకున్నాయో ఆలోచించండి. చద్దన్నం అన్నప్పుడు చద్ది అనే మాట నిన్నటిని ముందుకు తెస్తుంది. అదే గిన్నెను ఒడియాలో పఖాళ అన్నప్పుడు నీళ్ళు పోయడం, కడగడం అనే పని ముందుకు వస్తుంది. గిన్నె ఒకటే, అన్నం ఒకటే, కానీ ఒక భాష కాలాన్ని చూసింది, మరొకటి నీటిని చూసింది. ఈ రెండు చూపులనూ ఒకే కవితలో కలపగలిగే అవకాశం గుంటూరులో కూర్చున్న కవికి అంత సులువుగా దొరకదు, మనకు పొద్దున్నే గిన్నెలోనే దొరుకుతుంది.

చరిత్ర ఉన్న వస్తువుల విషయంలో ఒక హెచ్చరిక. పల్లె బడుల్లో గంటకు బదులు రైలుపట్టా ముక్కను వేలాడదీయడం మనకు అలవాటే. అటువంటి ముక్కను చూడగానే, 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల వెడల్పు దారి మీద మన రాజావారు వేయించిన చిన్న రైలు, అది తర్వాత గుణుపురం వరకు సాగడం, ఇప్పుడు ఆ దారి బ్రాడ్‌గేజ్‌గా మారిపోవడం, ఇవన్నీ ఒక్కసారిగా గుర్తుకు వచ్చి కలం పరుగెత్తుతుంది. అలా మొదలుపెట్టిన కవితల్లో పట్టా ముక్క మాయమై, వ్యాసం మిగులుతుంది. ముందు ముక్కను చూడండి. అంతా తుప్పు పట్టి ఉన్నా, సుత్తి తగిలే చోట అరచేతి వెడల్పున అది మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు దగ్గర మొదలుపెట్టి, రైలు రావలసి ఉంటే దానంతట దాన్నే రానివ్వండి. రాకపోయినా కవితకు లోటు లేదు.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెబుతాను, ఎందుకంటే ఈ పద్ధతిలోని ప్రతి మలుపూ నాకు అందులోనే తెలిసివచ్చింది. మా ఇంట్లో బియ్యం కొలిచే ఇత్తడి మానిక ఒకటి ఉంది. రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని లెక్కపెట్టే రోజుల నుంచి ఉన్నది. 1956లో చట్టం వచ్చి కిలోలు, లీటర్లు అమల్లోకి వచ్చాక కొట్లలోంచి మానికలు వెళ్ళిపోయినా, మా వంటింటి బియ్యపు డబ్బాలో మాత్రం అది అలాగే ఉండిపోయింది. దాని మీద నేను మొదట రాసిన కవితలో అది అక్షయపాత్ర, అన్నపూర్ణ చేతి గిన్నె, అమ్మ మనసు. ప్రతి పంక్తిలోనూ ఒక పోలిక ఉంది, మానిక మాత్రం ఒక్క పంక్తిలోనూ లేదు. విన్నవారు బాగుందన్నారు, కానీ మర్నాటికి నాకే అందులో ఒక్క ముక్క గుర్తులేదు.

చాలాకాలం తర్వాత ఒక మార్గశిర లక్ష్మివారం (గురువారం) నాడు, పక్కింటి ఒడియా వారు మాణ అనే కొలపాత్ర నిండా కొత్త ధాన్యం పోసి, చుట్టూ బియ్యప్పిండితో ఝోటి ముగ్గులు వేసి, లక్ష్మికి మాణబసా పూజ చేస్తుంటే చూశాను. వారి మాణ, మన మానిక, రెండు మాటల్లోనూ వినిపించేది కొలత అనే అర్థమిచ్చే మానమే. అక్కడ పీట మీద లక్ష్మిగా కూర్చున్న వస్తువు, మా ఇంట్లో డబ్బాలో బోర్లా పడి ఉంది. ఇంటికి వచ్చి దాన్ని బయటికి తీసి, మొదటిసారి కిటికీ వెలుగులో తిప్పి చూశాను. అంచు చుట్టూ ఒకే మందంగా ఉన్నా, ఒక్క చోట మాత్రం గోరు పట్టేంత పల్లంగా, నున్నగా అరిగి ఉంది. ఆ సాయంత్రం దాన్ని ఒక ఆటవెలదిలో పెట్టాను.

పాత మానికొకటి పట్టి చూచితి నేను
అంచు నొక్క చోట నరిగి యుండె
అమ్మ వేలు తగిలి యరిగెనో, గింజలో
రాసి రాసి నునుపు రాగఁ జేసె

ఛందస్సు రానివారు ఇక్కడ భయపడనవసరం లేదు, అయినా ఇటువంటి వస్తువులకు ఆటవెలది ఎందుకు నప్పుతుందో చెబుతాను. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే ఉంటాయి. సూర్యగణమంటే గలము గాని నగణము గాని, అంటే మూడు మాత్రల, మూడు పొట్టి అక్షరాలు పలికేంత, చిన్న మాట. అంచు, చోట, వేలు, రాసి, గొళ్ళెంలో ముక్క, చీపురులో పుల్ల, మన ఇంటి మాటలు చాలావరకు ఆ కొలతలోనే పుట్టినట్టుంటాయి. పెద్ద సమాసాలకు అందులో చోటు లేకపోవడం వల్ల, అలంకారం చేయబోయిన చేతిని ఆ పద్యమే ఆపుతుంది. యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం కోసం, వెతికేటప్పుడు అనుకోని మాట ఒకటి వచ్చి, కొత్త ప్రశ్న వేయడం కూడా జరుగుతుంది. నా పద్యంలో మూడో పాదం అలా వచ్చిందే. వేలా, గింజలా అన్న సందేహం నాకు ముందు లేదు, పద్యం రాస్తుంటే పుట్టింది.

సందేహం పుట్టినప్పుడు దాన్ని ఊహతో పూరించకుండా, తెలిసినవారిని అడగాలి. అమ్మకు చూపించి, ఇక్కడెందుకు అరిగింది అని అడిగాను. “ఏటి, ఇప్పుడు మానిక మీద కూడా రాస్తావేటి?” అంటూనే అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. తీసుకోగానే ఆమె బొటనవేలు నేరుగా ఆ పల్లంలోకి వెళ్ళి కూర్చుంది. “మనింటికి కొలిసినపుడు ఏలు లోపలెట్టాల. పొరుగోళ్ళకి బదులిచ్చినపుడు బయటెట్టాల. మా అత్త నేర్పింది” అంది. వేలు లోపల ఉంటే మానికలో ఆ మేరకు బియ్యం తగ్గుతాయి. ఇంట్లో వండుకునేటప్పుడు ఆ తగ్గింపు పొదుపు అవుతుంది. పొరుగువారికి కొలిచి ఇచ్చేటప్పుడు అదే తగ్గింపు మోసం అవుతుంది. అందువల్ల వేలు ఎక్కడ ఉండాలో తరతరాలుగా ఒక నియమం ఉంది. నేను అక్షయపాత్ర అని రాసిన రోజున ఈ నియమం అదే గదిలో, అదే డబ్బాలో ఉంది, నేను అడగలేదంతే.

సామగ్రి ఇంత చేతికి వచ్చాక, దాన్ని కవితగా మలచడానికి నేను మన పొడుపుకథనే ఆశ్రయిస్తాను. “కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు” అన్నప్పుడు కంటిరెప్పల పేరు ఎక్కడా రాదు, పని మాత్రమే వస్తుంది. “అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది” అన్నప్పుడు కవ్వం పుట్టుక, ప్రయాణం, కదలిక మూడూ వచ్చేశాయి. మీ వస్తువు పేరు చెప్పకుండా, అది చేసే పనులతోనే నాలుగు వాక్యాలు రాసి, ఇంట్లో చిన్నపిల్లలకు విప్పమని ఇవ్వండి. వాళ్ళు వెంటనే విప్పేస్తే మీరు అందరికీ తెలిసినదే రాశారు. ఎంతకూ విప్పలేకపోతే వస్తువును వదిలి ఊహలోకి వెళ్ళిపోయారు. కాసేపు ఆలోచించి, ఆ వస్తువు ఉన్న వైపు తల తిప్పి చూస్తే, మీ వాక్యాలు సరైన చోట ఉన్నాయన్నమాట. ఆ తర్వాత పేరు చేర్చాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఇక దిద్దుబాటు. “లాగా”, “వలె”, “అన్నట్టు” అనే మాటలన్నిటి కిందా గీత గీసి, ఒక్కదాన్ని మాత్రం ఉంచుకోండి, అది కూడా తీసేస్తే అర్థం చెడుతుందని రూఢి అయితేనే. వస్తువును “ఓ” అని పిలిచిన చోట్లు కొట్టేయండి. చివరి పంక్తి మీ కవితకు అర్థం చెబుతుంటే, దాన్ని తీసేసి ముందున్న పంక్తితో ఆపి చూడండి, పదింట తొమ్మిదిసార్లు అదే మెరుగ్గా ఉంటుంది. జాలి కోసం చేర్చిన వివరాలు, అంటే నిజానికి లేని కన్నీటి చుక్కలు, లేని చిరుగులు ఉంటే మొహమాటం లేకుండా తొలగించండి. వస్తువుకు మనం అబద్ధం అంటగడితే, ఆ వస్తువును వాడే మనిషికి అది వెంటనే తెలిసిపోతుంది.

అందుకే ఆఖరున, కవితను పత్రికకు పంపే ముందు, ఆ వస్తువును రోజూ చేత్తో పట్టుకునేవారికి చదివి వినిపించాలని నేను గట్టిగా చెబుతాను. నేతగాడికి మగ్గం కవితను, ఇంటి ఇల్లాలికి చేట కవితను, బడి బంట్రోతుకు గంట కవితను వినిపించండి. వారు మెచ్చుకుంటారా లేదా అని కాకుండా, ఎక్కడ ఆపి సవరిస్తారా అని ఎదురుచూడండి. పద్యాన్ని పక్కన పెట్టి, అడిగి తెలుసుకున్న సంగతితో నేను మానిక మీద మళ్ళీ రాసిన వచన కవిత ఇది.

అంచు ఒక్క చోటే అరిగింది.
ఇంట్లోకి కొలిచేటప్పుడు అమ్మ
బొటనవేలు లోపల ఉంచేది.
పొరుగింటికి కొలిచేటప్పుడు
బయటికి తీసేది.
పూటకు గుప్పెడు బియ్యం
మాకు మిగిలేవి.

అమ్మ చేతిలో పని ఆపకుండానే విన్నది. ఆరో పంక్తి దగ్గర మాత్రం తల ఎత్తి, “గుప్పెడేటి? గుప్పెడు తగ్గితే పిల్లలకి సాలుతుందా? నా ఏలంత” అని బొటనవేలు చూపించింది. పెన్ను తీసుకుని గుప్పెడు అన్న మాట కొట్టేసి, దాని మీద “వేలంత” అని రాశాను.